పని చెబితేనే భాషకు పరువు



పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో సంతలో బేరమాడాలన్నా, వేర్వేరు జాతులవాళ్ళు కష్టసుఖాలు చెప్పుకోవాలన్నా క్రియో భాషే దిక్కు. బడికీ, కోర్టుకీ, కచేరీకీ మాత్రం ఇంగ్లీషు. చదువుకున్నవాళ్ళు క్రియోని వచ్చీరాని ఇంగ్లీషని తీసిపారేసే రోజుల్లో, అది నిఖార్సయిన భాషేనని థామస్ డెక్కర్ అనే పత్రికా రచయిత 1930ల చివర్లోనే వాదించారు. వాదించి ఊరుకోకుండా, 1964లో షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ నాటకాన్ని క్రియోలోకి తెచ్చారు. బరువైన పని అప్పగించినప్పుడే భాష సత్తా లోకానికి తెలుస్తుందని ఆయన నమ్మకం. నా నమ్మకమూ అదే.

క్రియోని వచ్చీరాని ఇంగ్లీషనేవాళ్ళకు దాని వ్యాకరణమే జవాబు. ‘ఆ బిన్ గో’ అంటే వెళ్ళాను, ‘ఆ డే గో’ అంటే వెళ్తున్నాను, ‘ఆ డాన్ గో’ అంటే వెళ్ళడం అయిపోయింది. క్రియ మారదు; దాని ముందున్న చిన్న మాటే కాలాన్ని చెబుతుంది. తప్పొప్పులు ఇంత కచ్చితంగా ఉన్నచోట వ్యాకరణం లేదనడం ఎలా? మాటలు చాలావరకు ఇంగ్లీషువే, నిజమే. 1792లో నోవా స్కోషియా నుంచి వచ్చిన నల్లజాతివారూ, 1800లో వచ్చిన జమైకా నల్లజాతివారూ, ఆ తరవాత బానిస ఓడల నుంచి విడిపించి అక్కడి రాజధాని ఫ్రీటౌన్‌లో దించిన యోరుబా జాతివారూ మరెందరో కలిసి బతుకుతూ పెంచుకున్న భాష అది. అరువు మాటలున్నందుకు భాష కాదంటే, సంస్కృతం నుంచీ ఉర్దూ నుంచీ ఇన్ని మాటలు తీసుకున్న తెలుగు మాటేమిటి?

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. అలా వచ్చినవారి సంతతైన క్రియో జాతివారు జనాభాలో కొద్దిమందే. వారి భాషను అందలమెక్కిస్తే అక్కడి పెద్ద జాతుల మెండె, టెమ్నె భాషలు నలిగిపోవా? ఈ భయం న్యాయమైనదే. అందుకే గుర్తింపు ఒక్క భాషతో ఆగకూడదు. పిల్లల తొలి చదువు ఇంటి భాషలో, నలుగురూ కలిసేచోట క్రియో, పైచదువులకు ఇంగ్లీషు ఉంటే దేనికీ లోటు రాదు. ఇంగ్లీషు లేనిదే ఉద్యోగం రాదనేవాళ్ళకూ ఇదే సమాధానం. ఉద్యోగికి ఇంగ్లీషు అవసరమే; కోర్టులో నిలబడ్డ మనిషికి తన మీద మోపిన నేరం అర్థం కావడం అంతకన్నా అవసరం.

డెక్కర్ 1978లో కన్నుమూశారు. రెండేళ్ళకు క్లిఫోర్డ్ ఫైల్, ఎల్డ్రెడ్ జోన్స్‌ల క్రియో నిఘంటువు వెలువడింది. మన గిడుగు రామమూర్తి గారూ సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చి ఇలాంటి చాకిరీయే చేశారు. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో న్యాయశాస్త్రం చదివినవారు కౌలు పత్రాన్నీ, వైద్యం చదివినవారు మందులు వాడే తీరునూ తెలుగులోనో, సవరలోనో, గోండిలోనో రాసి చూడండి. ఎక్కడో ఒకచోట మాట చాలదు. అక్కడ ఇంగ్లీషులోకి తప్పుకోకుండా ఆ భాష మాట్లాడేవాళ్ళనే అడిగి మాట కూర్చడం, పట్టా పుచ్చుకున్న మీ పని.