శకునం తనంత తాను రావాలి



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మాస్టారు పగలు బడిలో సైన్సు చెప్పేవారు, సాయంత్రం అరుగు మీద ముసలివాళ్ల మాటలు వినేవారు. ఆ రెండింటికీ పేచీ ఉందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అందుకే పశుపక్ష్యాదుల చుట్టూ మన పల్లెల్లో అల్లుకున్న నమ్మకాలను ఈ రోజు విషయంగా తీసుకున్నాను. వాటన్నిటినీ మూఢమని తోసెయ్యడానికి నేను రాలేదు. ప్రతిదాని వెనకా సైన్సు దాగి ఉందని ఒప్పించడానికీ రాలేదు. నేను అడిగేది ఒకటే: ఫలానా నమ్మకం వల్ల ఆ ప్రాణి బతుకుతున్నదా, చస్తున్నదా?

పాలపిట్టతో మొదలుపెడతాను. విజయదశమి సాయంత్రం ఊరి పొలిమేర దాటి, జమ్మి చెట్టుకు పూజ చేసి, పాలపిట్టను చూసి ఇల్లు చేరడం తెలంగాణ పల్లెల్లో పండగలో సగం. జమ్మి మీది ఆయుధాలు దించుకున్న పాండవులకు ఆ పిట్ట కనిపించిందని ఒక కథ చెబుతారు, లంక మీదికి కదిలిన రాముడికి ఎదురైందని ఇంకొకటి. 2014లో తెలంగాణ ప్రభుత్వం పాలపిట్టను రాష్ట్ర పక్షిగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. కర్ణాటకకూ ఒడిశాకూ కూడా ఇదే రాష్ట్ర పక్షి.

ఈ ఆచారంలో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఇంట్లో కూర్చుంటే ఇది పూర్తి కాదు. పిట్ట ఉన్న చోటికి మనమే పోవాలి. చేను గట్టునో, కరెంటు తీగ మీదో మట్టిరంగులో ఒదిగి కూర్చున్నది మిడత కోసం రెక్క విప్పినప్పుడు ఆ నీలం కనబడుతుంది. దాన్ని చూడాలంటే పొలం ఉండాలి, చేలో మిడతలు ఉండాలి, గూడు పెట్టుకోవడానికి తొర్రలున్న చెట్లు ఉండాలి. ఇవన్నీ ఉన్న ఊళ్లోనే ఆ పండగ నిండుగా జరుగుతుంది.

మరి పట్నంలో ఏం జరుగుతున్నది? దసరాకు ముందే పిట్టలు పట్టేవాళ్లు వలవేసి తెస్తారు. ఎగిరిపోకుండా రెక్కలు కత్తిరిస్తారు, లేదా జిగురు పూస్తారు, కాళ్లకు దారం కడతారు. పాకే పురుగును, ఎగిరే మిడతను వేటాడి తినే పిట్ట ముందు గింజలు పోస్తే అది ముట్టదు. ఆ స్థితిలో పంజరాన్ని గుడి ముందుకు, గుమ్మం ముందుకు తెస్తే మనం దండం పెట్టి పది రూపాయలో యాభయ్యో ఇస్తాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. పట్టేవాడు పేదవాడు, పండగ నాలుగు రోజుల సంపాదన కోసం పడుతున్నాడు. ఆ డబ్బు ఇస్తున్నది మనమే కనుక ఈ మాట ముందు మనకు తగలాలి.

చట్టం మాట అటుంచి శాస్త్రం మాటే చూద్దాం. శకునాలకు ఆధారమని పెద్దలు చెప్పే గ్రంథాల్లో వరాహమిహిరుడి బృహత్సంహిత ముఖ్యమైనది, ఆరో శతాబ్దం నాటిది. పక్షి ఏ దిక్కున ఉంది, ఎక్కడ వాలింది, ఎలా కూసింది అని అందులో లెక్కలు చాలా ఉన్నాయి. వాటితోపాటే, రోగంతో ఉన్న ప్రాణిని, బెదిరిపోయిన ప్రాణిని శకునంగా తీసుకోకూడదనే నియమమూ ఉంది. అంటే పంజరంలోని పాలపిట్ట ఆ శాస్త్రం లెక్కలోనే శకునం కాదు. ఆచారాన్ని గట్టిగా నమ్మేవారికి నేను చెప్పదలిచింది ఇదే. తనంత తాను ఎదురైతేనే అది శకునం.

ఇదే పిట్ట మీద ఇంకో నమ్మకం కూడా ఉండేది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ 1862–64లో వెలువరించిన భారత పక్షుల గ్రంథంలో దాన్ని రాసిపెట్టాడు. ఆవు పాలు తగ్గితే పాలపిట్ట ఈకలు తరిగి గడ్డిలో కలిపి పెడితే పాలు పెరుగుతాయని తెలుగువారు నమ్మేవారట. ఒకే పిట్ట, రెండు నమ్మకాలు. ఒకదానికి పిట్టను చూస్తే చాలు, రెండోదానికి పిట్ట చేతికి చిక్కాలి. నమ్మకాలను మూఢం, విజ్ఞానం అని విడదీయడం కన్నా, చూపుతో తీరేవి, చేతికి చిక్కితే తప్ప తీరనివి అని విడదీస్తే నాకు ఎక్కువ అర్థమయింది.

చేతికి చిక్కాలనే నమ్మకాల కథ అంతటా ఒకటే. రెండుతలల పాముకు ఉన్నది ఒక్క తలే, మొద్దుబారిన తోక రెండో తలలా కనిపిస్తుంది. విషం లేని ఆ పాము ఇంట్లో ఉంటే సిరి వస్తుందని చెప్పి లక్షలకు అమ్మజూపే ముఠాలు మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడుతూనే ఉన్నాయి. నక్షత్ర తాబేలుదీ అదే గతి. దొంగరవాణా అంత పెరిగింది కనుకనే 2019లో దాన్ని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే జాబితాలోకి చేర్చారు. పెద్ద కళ్లున్న పాపానికి దేవాంగ పిల్లి చేతబడుల పాలవుతున్నది.

గుడ్లగూబ దగ్గర నా విభజన కొంచెం తడబడుతుంది, అది ఒప్పుకోవాలి. ఇంటి మీద వాలితే కీడు, ఇంట్లో దూరితే ఆరు నెలలు ఆ ఇల్లు వదలాలి అనే నమ్మకం చూపుతోనే పుట్టింది. అయినా చేతికి రాయి అందిస్తుంది. బెంగాలులో లక్ష్మీదేవికి వాహనమైన పక్షి ఇక్కడ చావు కబురు మోసుకొస్తుందట. దీపావళి దగ్గరపడితే క్షుద్రపూజల కోసం అమ్ముడుపోతుంది కూడా. మన దేశంలో ఉన్న 30 జాతుల గుడ్లగూబల్లో 15 జాతులు పక్షుల బజార్లలో కనిపించాయని వన్యప్రాణుల వ్యాపారంపై నిఘా ఉంచే ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లో నివేదిక ఇచ్చింది. గోపురాల గూళ్లలో, పాత మిద్దెల్లో కాపురముండే గుడ్లగూబకు రాత్రిపూట ముఖ్యమైన మేత ఎలుకే. డెల్టాలో వరిచేలకు ఎలుకల బుట్టలు పెట్టించడానికి కూలీ ఇచ్చే రైతు, ఇదే పని కూలి లేకుండా చేసే పక్షిని తరిమేస్తున్నాడు.

తీతువు నయం. నేల మీద గుడ్లు పెట్టుకునే పిట్ట కనుక ఆ చుట్టుపక్కల ఎవరు మెసిలినా, ఎంత రాత్రయినా అరుస్తుంది. ఆ అరుపుకే జనం చావును ముడిపెట్టారు. భయపడతారే గాని వెతికి చంపరు. రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో అయితే ఇదే పిట్ట గుడ్లు మెరక మీద పెట్టిందా పల్లంలో పెట్టిందా చూసి వాన అంచనా కడతారు.

ఇక వానకు, పక్షికి ముడిపెట్టిన మన ఊళ్ల సంగతి. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి, పులికాట్ పక్కన నేలపట్టు, వేదురుపట్టు, చిలమత్తూరు మండలంలో వీరాపురం. గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ అనే గులాబి రెక్కల కొంగలు, నత్తగుల్ల కొంగలు ఈ ఊళ్ల చింతచెట్ల మీద, చెరువు కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. అవి వస్తే వానలు, పంటలు. రాకపోతే ఊరికి అరిష్టం. ఆ నమ్మకం వల్ల పెరటి చెట్టు మీద గూడు కట్టినా, రెట్ట వాసన భరించలేనంతగా ఉన్నా ఎవరూ కొట్టరు. నేలపట్టులో ఆ రెట్ట కలిసిన చెరువు నీరే పొలాలకు సత్తువ. అక్కడ 1976లో ప్రభుత్వం అభయారణ్యం ప్రకటించింది, ఊరివాళ్ల కాపలా అంతకన్నా పాతది.

ఈ ఊళ్లలో ఒక కొత్త నమ్మకం పుట్టింది, పత్రికలే దాన్ని పెంచాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయట! ఆ మూడు జాతులూ దక్షిణాసియా పక్షులే. సైబీరియా నుంచి చలికి వచ్చే పక్షులు ఇక్కడ గూడు కట్టవు, పిల్లల్ని పెంచవు. ఇది చిన్న పొరపాటని వదిలెయ్యలేను. విదేశీ అతిథులనుకుంటే వాటిని సాగనంపడంతో మన పని తీరిపోతుంది. నిజానికి అవి ఊరు వదిలాక చేరేది మన చెరువులకే, మన మడుగులకే. అక్కడ నీళ్లు లేకపోతే, చేపలు లేకపోతే మరుసటేడు రాలేవు.

గూళ్లు ఎలా పోతాయో మనకు తెలుసు. 1902లో కడప జిల్లా బుచ్చుపల్లెలో గూడబాతుల గూళ్లు కనిపించాయి. ఆ తర్వాత వాటి మాట ఎవరూ వినలేదు. కొల్లేరు దగ్గర 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ చూసిన స్థావరంలో దాదాపు 3000 గూడబాతులు ఉండేవి. 1975 ప్రాంతంలో అదీ ఖాళీ అయింది. మళ్లీ ఆ పక్షులు కొల్లేటి అంచున ఆటపాక చేరితే, చెట్లు చాలక అటవీ శాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టవలసి వచ్చింది. నమ్మకం రాళ్లు పడకుండా ఆపగలిగింది. చెరువును నింపడం దానికి చేతకాదు.

విద్యార్థులకు ఒక పని చెబుతాను. వచ్చే దసరాకు మీ వీధిలోకి పంజరం వస్తే డబ్బు ఇవ్వకండి, ఇంట్లో పెద్దవాళ్లను ఇవ్వనివ్వకండి, అటవీ శాఖకు కబురు చెయ్యండి. తెల్లవారుజామునే ఆ పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఊరి బయటి చేల వైపు నడవండి. ఇక పొలం ఉన్నవారికి నా మనవి: గట్టు మీద తల ఎండిన తాటిచెట్టు ఉంటే కొట్టించకండి. వేసవిలో పాలపిట్ట ఆ తొర్రలో గుడ్లు పెడుతుంది.