సగటు లెక్క, చివరి వరస



ఈ రోజు ఉపాధ్యాయ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది త్వరలోనే ఒకటో తరగతిలో పాఠం చెబుతారు. అక్కడ 60 మంది పిల్లలుంటే, 40 నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరికి దక్కేది 40 సెకన్లు. హాజరు పిలవడం, అల్లరి సర్దడం కూడా అందులోనే. అలాంటి గదిలో పాఠం వల్లెవేతగా మారిపోతుంది. టీచరు అంటారు, పిల్లలంతా ఒక్క గొంతుతో అందుకుంటారు. వరండాలో నిలబడి వినేవాళ్లకు ముచ్చటగానే ఉంటుంది. ‘అమ్మ’ రాయమంటే మ వత్తు పెట్టడం రాని పిల్ల కూడా ఆ హోరులో పెదవులు కదుపుతూనే ఉంటుంది. పలక చూస్తే తప్ప ఆ సంగతి తెలియదు. చూసే తీరిక టీచరుకు ఉండదు. చురుకైనవాళ్లూ అల్లరివాళ్లూ ఎలాగో కంటపడతారు. నోరెత్తనివాళ్లే నష్టపోతారు.

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985 నుంచి నాలుగేళ్లు ఒక ప్రయోగం జరిగింది. చీట్లు తీసినట్టుగా పిల్లల్ని పంచి, కొన్ని తరగతుల్లో 13 నుంచి 17 మందిని, కొన్నింట్లో 22 నుంచి 25 మందిని కూర్చోబెట్టారు. చదవడంలోనూ లెక్కల్లోనూ చిన్న తరగతులవాళ్లే ముందున్నారు. పేద పిల్లలకు, నల్లజాతి పిల్లలకు ఇంకా ఎక్కువ మేలు జరిగింది. పెద్ద తరగతికి ఒక సహాయకురాలిని ఇచ్చి చూస్తే పెద్దగా తేడా రాలేదు. వాళ్ల ‘పెద్ద తరగతి’ మనకు చిన్నదే, గమనించారా?

అలాగని సంఖ్య తగ్గిస్తే చాలనను. 1996లో కాలిఫోర్నియా హడావుడిగా తరగతుల్ని చిన్నవి చేసి, శిక్షణ పూర్తికాని వాళ్లను కూడా టీచర్లుగా పెట్టుకోవలసి వచ్చింది.

మన విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. తరగతులేమో అయిదు! గదికి 30 మందే ఉన్నా, రెండు మూడు తరగతులు కలిసి కూర్చోక తప్పదు. ఇక జిల్లా సగటులు మరీ మాయ. ఒక ఊళ్లో 10 మందికి ఒక టీచరు, పక్క ఊళ్లో 50 మందికి ఒకరు ఉన్నా సగటు 30 అనే వస్తుంది. కాగితం మీద అంతా సవ్యమే.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. తనిఖీకి వచ్చినవారికి సగటు చెప్పకండి. మీ గదిలో ఎందరున్నారో, ఎన్ని తరగతులవాళ్లున్నారో రాసివ్వండి. ఇంకో టీచరు వచ్చేదాకా రోజుకో వరస చొప్పున పలకలు చూడండి. చివరి వరసతోనే మొదలుపెట్టండి.