క్షమ బిడ్డలది, హక్కు తల్లిది
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇండ్లలో జరిగినా ఎవరూ నోరు విప్పి చెప్పుకోని సంగతి ఒకటి ఈ రోజు మీ ముందు పెడుతున్నాం. తండ్రి పరాయి సంబంధం పెట్టుకొని ఇల్లు చెడగొడితే, పెద్దయిన బిడ్డలు ఆయన్ని క్షమించాలా? తప్పు తల్లిదైనా కొలత ఇదే.

మన జిల్లా నుంచి ఎందరో కువైత్ పోయి, చెమటోడ్చి ఇల్లు నిలబెట్టినారు. దారి తప్పినవారూ లేకపోలేదు. జమ్మలమడుగులో అట్లాంటి ఇల్లు ఒకటి ఉందనుకుందాం. తండ్రి పదేండ్లు పైసా పంపలేదు. తల్లి కమ్మలు ప్రొద్దుటూరు అంగట్లో అమ్మి కూతురి ఫీజు కట్టింది. కొడుకు చదువు మాని పులివెందుల అరటి తోటల్లో కూలికి పోయినాడు. ఇప్పుడు తండ్రి జబ్బుతో వాకిట్లో నిలబడినాడు. కొడుకు "గడప తొక్కనీయను" అంటాడు. కూతురు "ఎంతైనా అబ్బా గదా" అంటుంది. పెద్దలు వచ్చి తల్లితో "పోనీలేమ్మా, మాఫ్ చెయ్యి" అంటారు. ఎవరి మాట సబబు?

మొదట ఒక మనవి. వీధిలో విన్నదంతా నిజమనుకోవద్దు. శీలవతి మీద నింద వేసేవాడు నలుగురు సాక్షుల్ని తేవాలని ఖురాన్‌లో సూరా నూర్ శాసించింది. పుకారుకు వేసిన కళ్ళెం అది.

తప్పు నిజమే అయితే? అదే సూరా 22వ ఆయత్ వెనుక ఒక సంగతి ఉంది. హజ్రత్ ఆయిషా గారి మీద లేచిన అపనిందలో మిస్తహ్ అనే బంధువు కూడా చేయి కలిపినాడు. ఆయన బీదవాడు, హజ్రత్ అబూబకర్ గారి సాయంతో బతికేవాడు. కన్నకూతురిని అన్నందుకు ఆయన ఆ సాయం ఆపేస్తానని ఒట్టు పెట్టుకున్నారు. అల్లా క్షమాపణ కోరేవారు తామూ క్షమించాలని ఆయత్ దిగింది. సాయం మళ్ళీ మొదలైంది. మిస్తహ్‌కు శిక్ష పడిందని హదీసు గ్రంథాల్లో ఉంది. అంటే తప్పు తప్పే. అయినా అన్నం మాత్రం ఆగలేదు.

సూరా లుఖ్మాన్ 15వ ఆయత్ కూడా ఇదే దారి చూపుతుంది. షిర్క్ చేయమని బలవంతపెట్టే తల్లిదండ్రుల మాట వినవద్దంటూనే, లోకంలో వారితో మంచిగా మెలగమంటుంది. సేవ వేరు, సమర్థించడం వేరు.

కాబట్టి కొడుకు తన మనసుకు తగిలిన గాయాన్ని మాఫ్ చేయవచ్చు. అది ఆయన హక్కు, ఆయనకే పుణ్యం. కానీ తల్లి గాయాన్ని మాఫ్ చేసే హక్కు కొడుక్కీ లేదు, జమాత్‌కూ లేదు. అది హుఖూకుల్ ఇబాద్, మనిషికి మనిషి పడిన బాకీ. మహర్ బాకీ ఉంటే తీర్చాలి. ఎగ్గొట్టిన ఖర్చుల లెక్క చెప్పాలి.

చట్టమూ ఆమె వెంట ఉంది. భర్త రెండేండ్లు పోషణ చూడకుంటే భార్య విడాకులు కోరవచ్చని 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం చెబుతుంది. తలాక్ పొందిన ముస్లిం స్త్రీ కూడా మామూలు చట్టం కింద మనోవర్తి అడగవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తెలంగాణ కేసు ఒకదానిలో తీర్పు చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు వ్యభిచారాన్ని నేరాల జాబితాలోంచి తీసివేసింది గదా అనేవారున్నారు. నేరం కాకపోయినంత మాత్రాన పాపం కాకుండా పోదు.

మరి తండ్రి సంగతి? తన్ను తాను పోషించుకోలేని తల్లిదండ్రులను బిడ్డలు చూసుకోవాలని 2007 నాటి చట్టం కూడా అంటుంది. అన్నం పెట్టండి, మందు ఇప్పించండి, సలాం మానవద్దు. అయితే ఆయన్ని ఏ కప్పు కింద ఉంచాలన్నది తల్లిని అడిగి తేల్చండి. ఆమె వద్దంటే పక్క వీధిలో ఒక గది బాడుగకు తీసి చూసుకోండి. అది కూడా క్షమే.

పెద్దలకు రెండు మాటలు. "మాఫ్ చెయ్యి" అని ఆడమనిషిని ఒత్తిడి పెట్టేముందు, "బాకీ తీర్చినావా? తౌబా చేసినావా?" అని మగవాణ్ణి అడగండి. ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం వచ్చినప్పుడు తండ్రి తప్పు తవ్వి తీయవద్దు. ఒకరి పాపపు బరువు ఇంకొకరి నెత్తిన పడదని మన దీన్ చెబుతుంది.

అల్లా మన ఇండ్లకు సుకూన్ ప్రసాదించుగాక, ఆమీన్.