గట్టు పడెను, పట్టా మారలేదు

నా బాల్యమున మా యింట కిరసనాయిలు దీపమే వెలుగు. ఆ నూనె వర్తకమున నొకప్పుడు జరిగిన కథను నేడు మీకు విన్నవింపదలచితిని.

1870లో అమెరికా దేశపు ఒహాయో రాష్ట్రమున రాక్‌ఫెల్లరు ప్రభృతులు స్టాండర్డు ఆయిలు కంపెనీని స్థాపించిరి. ఆ కంపెనీ తాను చెల్లించు రైలు బాడుగలో కొంత రహస్యముగా వాపసు పొందుచుండెను. చిన్న వర్తకులకు ఆ సౌకర్యము లేదు. పోటీకి నిలువలేక పలువురు తమ కార్ఖానాలను దానికే అమ్ముకొనిరి. 1880 ప్రాంతమునకు ఆ దేశమున శుద్ధియగు నూనెలో నూటికి సుమారు 90 వంతులు దాని చేతిలోనికి వచ్చెను.

1890లో గుత్తాధిపత్యమును నిషేధించు షెర్మను చట్టము పుట్టెను. 1911లో సుప్రీముకోర్టు తీర్పుచే ఆ కంపెనీ 34 కంపెనీలుగా చీలెను. కాని వాటాలెవరికి జేరెను? పాత వాటాదారులకే, పాత లెక్క ప్రకారమే. వాటాల వెల పెరిగి రాక్‌ఫెల్లరు మునుపటికంటె ధనవంతుడయ్యెను. 1999లో ఆ చీలికల సంతతియైన ఎక్సాన్, మోబిల్ కంపెనీలు మరల నొక్కటయ్యెను.

అన్నదమ్ములు పొలము పంచుకొన్నచో గట్టు పడును, పట్టాలును వేరగును. ఇచ్చట గట్టులు పడినవి గాని పట్టా మారలేదు.

సంపదయు, ఉత్పత్తి సాధనములును కొందరి చేతులలో జేరి జనసామాన్యమునకు కీడు కలుగరాదని మన రాజ్యాంగపు 39వ అధికరణము చెప్పుచున్నది. ఆ యాశయముతో 1969లో గుత్తాధిపత్య నిరోధ చట్టము వచ్చినది. మిక్కిలి పెద్ద కంపెనీలు విస్తరించుటకు ముందు ప్రభుత్వానుమతి పొందవలెనను నియమమును 1991లో తొలగించిరి. 2009లో ఆ చట్టమునే రద్దుచేసి 2002 నాటి పోటీ చట్టమును నిలిపిరి. కంపెనీల కలయికను ఇదియు పరీక్షించును. కాని పెద్దతనమును తప్పనదు, పెద్దతనమును దుర్వినియోగము చేసిననే తప్పనును.

పోటీ యున్న ధర సరియగునుగదా యని మీరడుగవచ్చును. ధాన్యమునకు వచ్చిన బేరగాండ్రు నలుగురును ఒక్కమాటపై నిలిచిన నది పోటీ యగునా?

కావున అంగళ్ళెన్నియని లెక్కించుటతో తృప్తి చెందరాదు. పెట్టుబడి ఎవరిది, లాభమెవరికి జేరును అని విచారింపవలెను. రైతుల సహకార సంఘము, ప్రజల సొత్తైన పరిశ్రమ, ఇవి పట్టాను మార్చు మార్గములు. ఆ సంఘము సైతము ఒక్క ఇంటి సొత్తు గాకుండ కాపాడు భారము మీ వంటి పెద్దలదేయని మనవిచేసి సెలవు గైకొనుచున్నాను.