పాత ఫ్లాటు కొనబోవువారికి



సాహిత్యమును గూర్చి మాటలాడుదునని తలచినవారు నన్ను మన్నింపవలెను. పిల్లల చదువులకో, వైద్యమునకో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో ఒక గూడు కావలెనని మీలో పలువురు నాతో అనుచున్నారు. క్రొత్త ఇల్లు కట్టు శక్తి లేనివారికి పాత అపార్టుమెంటులోని ఫ్లాటు చౌకగా కనబడును. దానిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను.

సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైన పిదప నేనును అచ్చట ఒక ఫ్లాటు చూచితిని. గోడల రంగు మెఱయుచుండెను. ఎకరము చెలక అమ్మిన సొమ్ములోనుండి బయానా ఇచ్చితిని. రిజిస్టరీకి ముందునాడు క్రింది వాటాలోని ముసలమ్మ ఒకతె నన్ను పిలిచి, "రంగు జూసి మోసపోకు తమ్మీ, ఒకపారి డాబా మీదికెక్కి చూడు" అన్నది. ఎక్కి చూచితిని. వాననీరు మడుగు కట్టి యున్నది. దాని క్రింది దూలము పెచ్చులూడి, లోని ఇనుము త్రుప్పుపట్టి యున్నది. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలినుండి పగులగొట్టును. రంగు దానిని కొన్నాళ్లు దాచగలదు గాని ఆపజాలదు.

మరమ్మతు ఏల చేయలేదని అడిగితిని. పైవారు "డాబా అందరిది" అనిరి. క్రిందివారు "మాకు కారుట లేదు" అనిరి. సంఘము ఖాతాలో పైకము లేదు. నేను విరమించుకొంటిని. బయానా పోయినది, మిగిలిన సొమ్ము దక్కినది. ఇంట మాత్రము చాల దినములు మాటలు పడితిని.

మిర్యాలగూడ రైసుమిల్లులో మన ధాన్యపు తేమ చూడనిదే ధర చెప్పరు. లక్షలు పోసి ఇల్లు కొనునప్పుడు మనము మాత్రము తేమ చూడము!

ఫ్లాటు కొనుట యనగా నాలుగు గోడలు కొనుట కాదు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము ప్రకారము మెట్లు, డాబా వంటి ఉమ్మడి భాగములలోని అవిభక్తపు వాటా ఫ్లాటునుండి విడదీయరానిది. ఆరువందల గజముల స్థలములో పండ్రెండు సమాన ఫ్లాటులున్నచో ఒక్కొక్కరికి యాబది గజములు రావలెను. కట్టడము ముదురును, నేల నిలుచును. కావున ఆ గజములు దస్తావేజులో స్పష్టముగా నున్నవో లేవో చూడుడు.

జపానులో ఇట్టి వాటాల యాజమాన్యమునకు 1962లోనే చట్టము చేసిరి. అచ్చట నెలనెల నిర్వహణ రుసుముతోపాటు పెద్ద మరమ్మతుల నిధికి వేరుగా చెల్లించుట వాడుక. భూకంప నిబంధనలను 1981 జూనులో కఠినము చేసిరి. అందుచే పాత ఫ్లాటు కొనువారు దాని కట్టుబడికి అనుమతి ఆ తేదీకి ముందు వచ్చినదా, పిదప వచ్చినదా యని అడుగుదురు. నిధిలో ఎంత యున్నదని కూడ అడుగుదురు. మనమును అడుగవలెను.

సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున ఈసీ తీయించుడు. రిజిస్టరు కాని తాకట్టు అందులో కనబడదు గనుక అసలు దస్తావేజును కంటితో చూడుడు. మునిసిపాలిటీ ఆమోదించిన ప్లాను, ఇంటిపన్ను రసీదులు అడుగుడు. సాదా బైనామాను నమ్మకుడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూరు రూపాయలు మొదలు ఆపై విలువగల స్థిరాస్తి విక్రయమునకు రిజిస్టరీ తప్పదు.

తరువాత కోదాడలో ఒక చిన్న ఫ్లాటు కొంటిని. రంగు వెలిసి యున్నది. కాని డాబా పొడిగా నున్నది, సంఘమువారు లెక్కల పుస్తకమును నా ముందు పెట్టిరి. ఆ పుస్తకము చూచియే సంతకము చేసితిని.

ఈ గ్రంథాలయపు కప్పును ఇరువదియైదేండ్లుగా నిలిపినదియు మీ చందాలు వ్రాసిన అట్టి పుస్తకమే. పదిమంది కప్పు క్రిందికి పోవువారు ముందు ఆ పదిమందిని చూచుకొని పోవలెనని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.