కరెంటు బిల్లు మనమే చదువుదాం

(సముద్రం ఒడ్డు పల్లెల పొదుపు సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)



మీలో చాలామంది తెల్లారకముందే చేపల గంపలతో బయలుదేరేవాళ్లు. ఈ పూట పని మానుకొని వచ్చినారు. అందుకని ఎక్కువసేపు మాట్లాడను. ఒకే ఒక కాగితం గురించి చెబుతాను. అది కరెంటు బిల్లు.

ఒకప్పుడు ఈ బిల్లు చేత్తో రాసేవాళ్లు. మీటరు చూసే ఆయన వచ్చి అంకెలు పుస్తకంలో రాసుకొని పోయేవాడు. ఇప్పుడు ఆయన చేతిలో చిన్న మిషను ఉంటుంది. మీటరు ముందు నిలబడి అంకె కొడతాడు. కొన్ని మీటర్లకైతే మిషను దగ్గర పెడితే చాలు, అంకెను అదే తీసుకుంటుంది. మన గుమ్మంలోనే బిల్లు అచ్చయి వస్తుంది.

“మిషను ఇచ్చిందమ్మా, ఇంక తప్పెట్లా ఉంటుంది?” అంటారు కొందరు. మిషను లెక్క తప్పదు, నిజమే. కానీ దానికి ఏ అంకె చెబితే ఆ అంకెకే లెక్క కడుతుంది. ఉప్పుగాలికి మీటరు అద్దం మసకబారి ఉంటుంది. ఒకటి ఏడులాగా కనపడవచ్చు. అప్పుడేమవుతుందో చూద్దాం. పలకలు తీయండి.

ఒక ఇంట్లో పోయిన నెల రీడింగు 1078. ఈ నెల 1143. తీసివేయండి. ఎంత? 65. ఇవే యూనిట్లు. 2022లో వచ్చిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిటు 1 రూపాయి 90 పైసలు. అంటే 57 రూపాయలు. ఆ తర్వాత 75 దాకా యూనిటు 3 రూపాయలు. మిగిలిన 35 యూనిట్లకు 105. రెండూ కలిపితే 162 రూపాయలు. స్థిర చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీ పైన కలుస్తాయి. వాటిని ఇప్పుడు పక్కన పెడదాం.

అదే ఇంటికి 1143 బదులు 1743 కొట్టినారనుకోండి. యూనిట్లు 665 అవుతాయి. వాడకం పెరిగేకొద్దీ ధర కూడా పెరుగుతుంది. 400 దాటితే యూనిటు 9 రూపాయల 75 పైసలు. మొత్తం 5,132 రూపాయలు! ఒక్క అంకె తేడా. వలలు అమ్ముకున్నా తీరేది కాదు.

డబ్బు ఒక్కటే కాదు. 2019లో నవశకం పేరుతో రేషను కార్డులకు, పింఛన్లకు అర్హతలు పెట్టినారు. నెలకు 300 యూనిట్ల లోపు వాడాలి అనేది అందులో ఒకటి. సగటు వాడకం చూస్తారు. మరి బిల్లు మీద అంకె తప్పుగా పడితే ముసలవ్వ పింఛనుకే ఎసరు వచ్చినట్టు కాదా?

కాబట్టి బిల్లు చేతికి రాగానే ముందు రూపాయలు చూడకండి. రీడింగు చూడండి. వెంటనే మీటరు దగ్గరికి పోయి సరిచూడండి. కొత్త మీటర్లలో అంకెలు మారుతుంటాయి. ఒకసారి తేదీ, ఒకసారి టైము వస్తాయి. కె.డబ్ల్యు.హెచ్ అనే ఇంగ్లీషు అక్షరాలు పక్కన ఉన్న అంకె మనకు కావాలి. ఆ మూడు అక్షరాల బొమ్మ గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంకో సంగతి. మీరు గంప ఎత్తుకొని పోతారు, ఇంటికి తాళం ఉంటుంది. మీటరు లోపల ఉంటే ఆయన చూడలేడు. ఆ నెల సగటు బిల్లు వస్తుంది, లేకపోతే రెండు నెలల వాడకం ఒకేసారి చూస్తారు. 65, 65 కలిపి 130 యూనిట్లు ఒకే నెలకు లెక్క కడితే 447 రూపాయలు. వేరువేరుగా కడితే 324. తేడా 123 రూపాయలు. రెండు నెలలకు పంచి కట్టమని అడగాలి. అడగడానికి సిగ్గెందుకు?

ఇప్పుడు అసలు మాట. పాత బిల్లు ఎవరి దగ్గరైనా ఉందా? చూడండి, తెల్లకాగితం అయిపోయింది! ఇది సిరాతో అచ్చు వేసింది కాదు. కాగితానికి పూత ఉంటుంది, మిషను వేడి తగిలిన చోట నల్లబడుతుంది. పొయ్యి దగ్గర చూరులో దోపినా, ఎండలో పెట్టినా, ప్లాస్టిక్ కవరులో దాచినా అచ్చు చెరిగిపోతుంది. మిషను రాసింది పోతుంది. మీరు పెన్సిలుతో రాసింది ఉంటుంది. నెలనెలా తేదీ, రీడింగు, యూనిట్లు, కట్టిన డబ్బు నోటుబుక్కులో రాసుకోండి.

దానితో ఏం పని అంటారా? 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను వినండి. బాకీ ఉందని కరెంటు కట్ చేయాలంటే ముందు 15 రోజుల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. బిల్లు తప్పని మనం గొడవపడితే, గడిచిన ఆరు నెలల సగటు చూస్తారు. అదీ, అడిగిన మొత్తమూ, ఈ రెండిట్లో ఏది తక్కువో అది అభ్యంతరంతో కట్టవచ్చు. తగవు తేలేదాకా తీగ పీకకూడదు. ఆ ఆరు నెలల లెక్క మీ నోటుబుక్కులో ఉంటే మీరే చెప్పగలరు.

ఫిర్యాదుకు 1912కు ఫోను చేయవచ్చు. కానీ కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవడమే నాకు నచ్చిన పద్ధతి. సర్వీసు నంబరు రాయడం మరిచిపోవద్దు.

పంచాయతీ ఇంటి పన్ను నోటీసు కూడా ఇట్లాగే చదవాలి. అందులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. ఆ పైసలు కడుతున్నాం కదా, మన ఊరికి పుస్తకాలు ఎప్పుడు వస్తాయని కూడా అడగండి.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినారు. మన జిల్లా వాళ్లే, అప్పుడే అక్షరాలు నేర్చినవాళ్లు. మీటరు ముందు నిలబడి ఒక అంకె చదవడం అంతకంటే కష్టమా?

వచ్చే సమావేశానికి ఎవరి బిల్లు వాళ్లు తెచ్చుకోండి. తీసివేత రానివాళ్లు ముందు వరుసలో కూర్చోండి. ఎవరింట్లో మీటరు అద్దం మసకబారిందో ఇప్పుడే చెప్పండి, అర్జీలు ఇక్కడే రాసుకుందాం.