రబ్బరు స్టాంపు మీది బొమ్మ

(పాతబస్తీలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి చిత్రకళకూ, మన గుర్తింపుకూ, దైనందిన జీవితానికీ, రాజకీయాలకూ గల సంబంధం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు. చిత్రకళ అనగానే అది డబ్బున్నవారు గోడకు తగిలించుకునే వస్తువు, మనకెందుకులే అనుకుంటాం. కాని మనమందరం ఉద్యోగకాలమంతా ఒక చిత్రాన్ని చేత్తో పట్టుకునే పనిచేశాం. ఉత్తర్వు కాగితం మీదా, కార్యాలయం బోర్డు మీదా, రబ్బరు స్టాంపు మీదా ఉండే ప్రభుత్వ చిహ్నమే ఆ చిత్రం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసిన వారికి చిహ్నం మధ్యనున్న పూర్ణకుంభం గుర్తుండే ఉంటుంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు కొత్త చిహ్నం వచ్చింది. దాన్ని రూపొందించినవారు ఉమ్మడి నల్లగొండ జిల్లాకు చెందిన చిత్రకారులు ఏలే లక్ష్మణ్ గారు. పల్లెటూరి శ్రమజీవుల ముఖాలు గీసి పేరు తెచ్చుకున్నవారు. వారికంటే ముందు మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు, కరీంనగర్ జిల్లాకు చెందిన తోట వైకుంఠం గారు కూడా తెలంగాణ పల్లె మనుషులనే తమ కళకు వస్తువుగా తీసుకున్నారు. వైకుంఠం గారు 'దాసి' సినిమాకు కళాదర్శకులుగా జాతీయ పురస్కారం కూడా అందుకున్నారు. మన ముఖం కూడా బొమ్మకు తగినదేనని చాటడం చిన్న విషయం కాదు.

ఇక చిహ్నాన్ని ఒకసారి నిదానంగా చూడండి. ఓరుగల్లు కోటలోని కాకతీయ కళాతోరణం ఉంది. మన చార్మినార్ ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టలేదు. తోరణం లోపల చార్మినార్‌ను నిలబెట్టారు. రాష్ట్రం పేరు తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మూడింటిలోనూ రాశారు. ఎవరు ఎవరితో కలిసి బ్రతుకుతున్నారన్న ప్రశ్నకు ఒక కళాకారుడు గీతలతో ఇచ్చిన జవాబు అది.

పదేళ్ళ తరువాత, 2024 మే నెలలో, ఆ చిహ్నాన్ని మారుస్తారన్న వార్త వచ్చింది. రాచరికపు గుర్తులు పోవాలి, ప్రజల పోరాటం, అమరవీరుల త్యాగం కనిపించాలి అని ప్రభుత్వ పక్షం వాదన. చార్మినార్, తోరణం రాజులవి మాత్రమే కావు, అవి ప్రజల చరిత్ర అని ప్రతిపక్షం వాదన. చార్మినార్ దగ్గరే నిరసన కూడా జరిగింది. జూన్ 2న విడుదల కావలసిన కొత్త చిహ్నం వాయిదా పడింది. అదే ఏడాది డిసెంబరు 9న సచివాలయంలో తెలంగాణ తల్లి కొత్త విగ్రహాన్ని ఆవిష్కరించారు. కిరీటం లేదు, చేతిలో బతుకమ్మ లేదు, ఆకుపచ్చ చీర, చేతిలో పంట కంకులు. దాని మీదా వాదోపవాదాలు జరిగాయి.

మన సంఘంలో ఇరుపక్షాల వారూ ఉన్నారు. ఎవరిది ఒప్పని తీర్పు చెప్పడానికి నేను రాలేదు. రాజు పేరు కన్నా కూలివాడి చెమట గొప్పదన్న మాటలో న్యాయం ఉంది. కాని 1591లో కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్ ఇప్పుడు ఎవరిది? ఆరవ నిజాం కాలపు వెండి రూపాయి మీద ఎక్కిన ఆ బొమ్మ, ప్రభువు ముద్రగానే మొదలైంది. తరువాత సిగరెట్టు పెట్టె మీదికి వచ్చింది. ఇంటికప్పు రేకులకు పేరయింది. మద్రాసు వెళ్ళే రైలుకు పేరయింది. జేబులో, ఇంటిమీద, ప్రయాణంలో దాన్ని వాడుకున్నది సామాన్యులు. రాజు కట్టించినా, వాడుకవల్ల అది జనానిదయింది. లాడ్‌బజారులో లక్కగాజులు చేసే అమ్మకూ, ఛత్తాబజారులో పెళ్ళి పత్రికలు అచ్చువేసే అన్నకూ అది రాచరికం కాదు, పొద్దున్నే కనిపించే ఇరుగుపొరుగు.

అందుచేత చిహ్నం మార్చడమంటే కాగితం మీద బొమ్మ మార్చడం మాత్రమే కాదు. ఈ రాష్ట్రంలో మేమూ ఉన్నామా అని పాతబస్తీ మనిషి అడిగే ప్రశ్నకు సమాధానం అందులో ఉంటుంది. అలాగే పోరాటంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగే ప్రశ్నకూ సమాధానం అందులో ఉండాలి. ఒకరికి చోటివ్వడానికి మరొకరిని లేపవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. తోరణం లోపల చార్మినార్‌కు చోటు చూపిన చేయి ఆ పని చేసి చూపింది.

చివరిగా ఒక మనవి. ఫైలు మీద పదిమంది అభిప్రాయం రాయించి గాని ఉత్తర్వు జారీ చేయని అలవాటు మనది. జనం చిహ్నాల విషయంలోనూ ఆ పద్ధతి పాటించమని పాలకులను, వారు ఏ పార్టీ వారైనా సరే, అడిగే హక్కు మనకున్నది. అభిప్రాయం అడిగితే రాయండి. అడగకపోయినా రాయండి. ఇంటికి వెళ్ళాక మీ మనవలకు మీ దగ్గరున్న పాత కాగితాలు, పాత నాణేలు చూపించి, ఏ కాలంలో ఏ బొమ్మ ఉండేదో, ఎందుకు మారిందో చెప్పండి. బొమ్మను చదవడం నేర్చుకున్న పిల్లవాడిని రేపు బొమ్మ చూపించి ఎవరూ రెచ్చగొట్టలేరు.